గీజర్ కడుపులో ఏముంది?

సంక్రాంతి ఇంకా పది రోజులుంది. నల్లగొండలో ఓ రిటైర్డ్ సారు ఇల్లు అనుకోండి. పొద్దున ఆరున్నరకు బాత్‌రూమ్‌లోంచి మనవడి కేక.

"నానమ్మా, నల్లా ముట్టుకుంటే జివ్వుమంటున్నది!"

సారు వెళ్లి తానూ ముట్టుకుని చూశారు. ఏమీ లేదు. "చలికి అట్ల అనిపించిందిరా" అని తేల్చేశారు. ఆయన కాళ్లకు రబ్బరు చెప్పులున్నాయి. మనవడు తడినేల మీద వట్టి కాళ్లతో నిలబడ్డాడు. తేడా అక్కడే ఉంది. అదృష్టవశాత్తూ ఆ తేడా కోడలికి తట్టింది. "మామయ్యా, ముందు స్విచ్ బంద్ చెయ్యండి. మెకానిక్ వచ్చేదాకా ఎవ్వరూ దాన్ని ముట్టొద్దు" అంది.

"రెండు నెలల సంది నేను జెప్తనే ఉన్న" అందుకుంది సారు భార్య. "ఒక్క బకెట్‌కే నీళ్లు సల్లబడుతున్నయ్. లోపల అటుకులు వేయించినట్టు సప్పుడు. ఈ ఇంట్ల నా మాట ఎవరింటరు?"

ఈ ముచ్చట నల్లగొండకే పరిమితం కాదు. పాలమూరులోనైనా, దేవరకొండలోనైనా, నాగర్‌కర్నూలులోనైనా బోరు నీళ్లతో గీజర్ నడిపే ఏ ఇంట్లోనైనా ఇంచుమించు ఇదే కథ. నీళ్లు ఆలస్యంగా కాగడం, చప్పుడు చేయడం, తొందరగా చల్లబడటం... ఇవన్నీ గీజర్ ముందుగా పంపే కబుర్లు. నల్లా జివ్వుమనడం మాత్రం కబురు కాదు, ఆఖరి హెచ్చరిక.

మగ్గుల కొద్దీ సున్నం

మెకానిక్ వచ్చాడు. సారు ఆయన చేతికి కొత్త ఎలిమెంటు ఇవ్వబోతే వద్దన్నాడు.

"ముందు నీళ్లు దియ్యాలె సార్. కడుపుల ఏమున్నదో సూడకుండ కొత్తది ఏస్తే అది గూడ మూడు నెలలకే పోతది."

చేసిన పని చూడటానికి చిన్నదే. కానీ దానికో వరస ఉంది. మొదట గోడ మీది స్విచ్ ఒక్కటే కాకుండా ఎంసీబీ కూడా దించేశాడు. టెస్టర్‌తో కరెంటు లేదని చూసుకున్నాడు. వేడినీళ్ల నల్లా తిప్పి చల్లనీళ్లు వచ్చేదాకా వదిలాడు. కాగిన నీళ్లు మీద పడితే ఒళ్లు బొబ్బలెక్కుతుంది మరి. ఆ తర్వాత పై ట్యాంకు నుంచి వచ్చే వాల్వ్ కట్టేశాడు. వేడినీళ్ల నల్లా మాత్రం తెరిచే ఉంచాడు. గాలి లోపలికి పోవడానికి ఓ దారి లేకపోతే నీళ్లు కిందికి దిగవు.

గీజర్ కింద చన్నీళ్లు వెళ్లే చోట సేఫ్టీ వాల్వ్ ఉంటుంది. నీళ్లను ఒకవైపే పోనిస్తుంది. అందుకని దాన్ని విప్పితే తప్ప ట్యాంకు ఖాళీ కాదు. విప్పి, బకెట్ పెట్టాడు. 25 లీటర్ల గీజర్ అంటే నీళ్ల బరువే 25 కిలోలు. డబ్బా బరువు దానికి అదనం. నిండుగా ఉన్నదాన్ని గోడ నుంచి దించబోయి కాలి మీద వేసుకున్నవాళ్లూ ఉంటారు. ముందు ఖాళీ చేయడం అందుకే.

మొదట తేట నీళ్లు వచ్చాయి. తర్వాత మజ్జిగలాంటివి. ఆ తర్వాత ధార ఆగిపోయింది. కింది ప్లేటు బోల్టులు విప్పి ఎలిమెంటు బయటికి లాగితే, అది ఎలిమెంటులా లేదు. తెల్లటి గుల్ల కట్టిన కట్టెలా ఉంది. ట్యాంకు అడుగున పెచ్చులు పెచ్చులుగా సున్నం. చేత్తో తోడితే రెండు మగ్గులు నిండాయి.

"ఇంత సున్నం ఎవరు పోసిండ్రయ్యా?" అంది సారు భార్య.

ఎవరూ పోయలేదు. నీళ్లే తెచ్చాయి. బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం బైకార్బొనేట్ల రూపంలో కరిగి ఉంటాయి. నీళ్లు వేడెక్కగానే ఆ బైకార్బొనేట్ విడిపోతుంది. కరగని కాల్షియం కార్బొనేట్ మిగులుతుంది. అంటే సున్నపురాయి. అది ముందుగా అతుక్కునేది బాగా వేడిగా ఉండే చోటే, అంటే ఎలిమెంటు మీదే.

ఓ చిన్న లెక్క వేయండి. తాగునీటికి మన దేశ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉంటే మంచిది. వేరే నీళ్లు దొరకకపోతే 600 దాకా ఒప్పుకుంటారు. ఓ ఇంటి బోరు నీళ్లలో 400 ఉందనుకుందాం. రోజుకు 60 లీటర్లు కాచుకుంటే గీజర్ గుండా పోయే కఠిన లవణాలు 24 గ్రాములు. నాలుగు నెలల చలికాలానికి మూడు కిలోలకు కాస్త తక్కువ. అందులో ఇరవయ్యో వంతు లోపల నిలిచిపోయినా 140 గ్రాములకు పైనే. ఐదు చలికాలాలు గడిస్తే ముప్పావు కిలో దగ్గరికి వస్తుంది. రెండు మగ్గులు నిండటంలో వింతేముంది?

జివ్వుమనడం ఎందుకు?

ఎలిమెంటు అంటే బోలుగా ఉండే సన్నని లోహపు గొట్టం. దాని నడుమ వేడెక్కే తీగ ఉంటుంది. తీగ నుంచి గొట్టానికి కరెంటు పారకుండా మధ్యలో మెగ్నీషియం ఆక్సైడ్ పొడి కూరి ఉంటుంది. బయట సున్నం గుల్ల కట్టిందంటే లోపలి వేడి నీళ్లలోకి సరిగ్గా పోదు. గొట్టం మితిమీరి కాగుతుంది. కొన్నాళ్లకు ఎక్కడో సన్నని చీలిక వస్తుంది. అందులోంచి నీళ్లు లోపలికి దూరి పొడిని తడుపుతాయి. ఇక కరెంటు నీళ్లలోకి పాకుతుంది. వేయించిన చప్పుడు కూడా సున్నం పుణ్యమే. గుల్ల కింద చిక్కుకున్న నీళ్లు మరిగి బుడగలై పగులుతుంటాయి. ఒక్క బకెట్‌కే చల్లబడటానికీ అదే కారణం కావచ్చు. ఎలిమెంటు పక్కనే ఉండే థర్మోస్టాట్ గొట్టాన్ని కూడా సున్నం కప్పేస్తే, నీళ్లన్నీ కాగకముందే అది కరెంటు ఆపేస్తుంది.

అయితే ఎంసీబీ ఎందుకు పడలేదు? చాలామందికి వచ్చే అనుమానమే ఇది. ఎంసీబీ పని వైర్లను కాపాడటం. షార్ట్ సర్క్యూట్ అయినా, లోడు బాగా పెరిగినా పడుతుంది. మనిషి ప్రాణం తీయడానికి అంత కరెంటు అక్కర్లేదు. ఒంటిలోంచి పారే కొన్ని పదుల మిల్లీ ఆంపియర్లు చాలు. ఆ చిన్న లీకేజీని పట్టుకునేది ఆర్‌సీసీబీ. ఇళ్లకు 30 మిల్లీ ఆంపియర్లది పెడతారు. బయటికి పోయిన కరెంటుకూ తిరిగొచ్చిన కరెంటుకూ తేడా రాగానే సెకనులో చిన్న భాగంలోనే సప్లయి తెంచేస్తుంది.

సారు ఇంట్లో ఆర్‌సీసీబీ లేదు. అంతకన్నా పెద్ద లోపం ప్లగ్గు విప్పినప్పుడు బయటపడింది. మూడో పిన్ను వైరు, అంటే ఎర్త్ వైరు, ఎప్పుడో ఊడిపోయి ఉంది. అది సరిగ్గా ఉండి ఉంటే లీకైన కరెంటులో ఎక్కువ భాగం భూమిలోకి పోయేది. పిల్లవాడి చేతి దాకా వచ్చేది కాదు. సారు కాసేపు ఏమీ మాట్లాడలేదు. "చలికి అట్ల అనిపించింది" అన్న తన మాటే ఆయనకు గుర్తొచ్చి ఉంటుంది.

ఇంగ్లండ్‌లో నల్లనీళ్లు

అదే రోజు సాయంత్రం ఇంగ్లండ్ నుంచి పెద్దకొడుకు ఫోన్. "మాకూ ఇదే పని నాయినా. బాత్‌రూమ్‌ల రేడియేటర్ మారుస్తున్నం" అన్నాడు.

రేడియేటర్ అంటే మనకు కారు గుర్తొస్తుంది. చలి దేశాల్లో అది గోడకు బిగించిన ఇనుప పలక. బాయిలర్‌లో కాగిన నీళ్లు పైపుల గుండా గదిగదికీ తిరిగి, ఈ పలకల్ని వేడిచేసి, మళ్లీ బాయిలర్‌కు చేరతాయి. బాత్‌రూమ్‌లోదానికి తువ్వాళ్లు కూడా ఆరేసుకుంటారు. ఒక్క పలకే మార్చాలంటే దానికి రెండు పక్కలా ఉన్న వాల్వులు కట్టేసి, అందులోని నీళ్లు పళ్లెంలోకి వంపితే సరిపోతుంది. వాల్వులే మార్చాలంటే మాత్రం ఇల్లంతా తిరిగే నీళ్లను ఖాళీ చేయాలి. బాయిలర్ ఆపి, నీళ్లు చల్లారాక, అన్నిటికన్నా కింద ఉన్న కుళాయికి పైపు తగిలించి ఇంటి బయటికి వదులుతారు. పైన రేడియేటర్లకుండే చిన్న స్క్రూలు వదులు చేసి గాలి లోపలికి పోనిస్తారు. గాలికి దారి కావాలన్న సూత్రం నల్లగొండలోనూ అదే, అక్కడా అదే.

"నీళ్లు మాత్రం నల్లగ, సిరా లెక్క వచ్చినయ్ నాయినా" అన్నాడు కొడుకు.

ఇక్కడ తెలుపు, అక్కడ నలుపు. కారణం ఉంది. అక్కడ పైపుల్లో ఏళ్ల తరబడి తిరిగేది అవే నీళ్లు. కొత్త నీళ్లు రావు కాబట్టి కొత్త సున్నం పెద్దగా రాదు. కానీ ఇనుము నెమ్మదిగా తుప్పుపట్టి నల్లటి బురద తయారవుతుంది. అది రాకుండా మళ్లీ నింపేటప్పుడు తుప్పు నిరోధక మందు కలుపుతారు. మన గీజర్‌లోకి రోజూ కొత్త నీళ్లు వస్తాయి. వచ్చిన ప్రతిసారీ తమ వంతు సున్నం తెస్తాయి. కాబట్టి వాళ్లకు ఒకసారి మందు కలిపితే కొన్నేళ్లు గడుస్తుంది. మనకు మాత్రం ఏటా కడుపు కడగక తప్పదు.

సున్నం కనిపిస్తుంది, అది కనిపించదు

ఈ గొడవలో కోడలు ఇంకో సంగతి బయటపెట్టింది. చలికాలం గ్యాస్ కలిసొస్తుందని అత్తమ్మ అన్నానికి ఎసరు గీజర్ నీళ్లతోనే పెడుతోంది. కాగిన నీళ్లే కదా, దోషమేముందని ఆమె నమ్మకం.

నల్లగొండలో ఈ నమ్మకాన్ని కాస్త గట్టిగానే ప్రశ్నించాలి. ఇక్కడి గ్రానైట్ నేలల్లో ఫ్లోరైడ్ ఉన్న ఖనిజాలున్నాయి. మర్రిగూడ, మునుగోడు వైపు బోరు నీళ్లు తాగి ఎన్ని నడుములు వంగాయో, ఎందరు పిల్లల పళ్లు గారపట్టాయో జిల్లాలో తెలియనివాళ్లు లేరు. 1970ల్లో నాగపూర్‌లోని నీరీ శాస్త్రవేత్తలు పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరుతో ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతి తయారుచేస్తే, దానికి 'నల్లగొండ టెక్నిక్' అనే పేరే పెట్టారు. ప్రపంచమంతా తెలిసిన పేరు అది. ఊరికి గర్వమో బాధో చెప్పడం కష్టం.

నీళ్లు కాస్తే క్రిములు చస్తాయి. బైకార్బొనేట్ వల్ల వచ్చే కాఠిన్యం తగ్గుతుంది. ఫ్లోరైడ్ మాత్రం పోదు. అది ఆవిరిగా ఎగిరిపోయే సరుకు కాదు. పొయ్యి మీద రెండు లీటర్లు మరిగించి ఒక లీటరు చేస్తే, అందులో ఫ్లోరైడ్ దాదాపు రెట్టింపు చిక్కన అవుతుంది. గీజర్ మూసిన డబ్బా కాబట్టి పెరగదు, కానీ తగ్గదు కూడా. పైగా ట్యాంకు అడుగున పేరుకున్నవన్నీ ఆ నీళ్లలో కలుస్తాయి.

ఇక్కడే చాలామంది పొరబడతారు. "మా గీజర్‌ల సున్నం పట్టదు, మా నీళ్లు మంచియి" అనుకుంటారు. సున్నం లేనంత మాత్రాన ఫ్లోరైడ్ లేదని కాదు. కాల్షియం బాగా ఉన్న నీళ్లలో ఫ్లోరైడ్ ఓ హద్దు దాటి కరిగి ఉండలేదు. కాల్షియం తక్కువగా ఉన్న నీళ్లలోనే అది ఎక్కువగా కనిపించడం తరచూ జరుగుతుంది. కాఠిన్యాన్ని సబ్బు నురగ చెబుతుంది, ఉడకని కందిపప్పు చెబుతుంది. ఫ్లోరైడ్‌ను నీళ్ల పరీక్ష ఒక్కటే చెబుతుంది. లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా మంచిది. వేరే దారి లేనప్పుడు 1.5 హద్దు.

2016 ఆగస్టులో ప్రారంభమైన మిషన్ భగీరథ పైపుల్లో ఈ జిల్లాలకు కృష్ణా నీళ్లు వచ్చాయి. అయినా ఎన్నో ఇళ్లలో రెండు నీళ్లూ ఉంటాయి. వంటింటికి భగీరథ నల్లా, బాత్‌రూమ్‌కు పైకప్పు మీది బోరు ట్యాంకు. గీజర్‌లోకి వెళ్లేది ఆ రెండోదే. అత్తమ్మ పొదుపు చేసిన కాస్త గ్యాస్‌కు బదులుగా, ఇంటిల్లిపాదీ వదిలించుకున్న బోరు నీళ్లు మళ్లీ అన్నం గిన్నెలోకి వచ్చాయి.

మార్చాలా, బాగుచేయాలా?

ఎలిమెంటు, థర్మోస్టాట్, గాస్కెట్, సేఫ్టీ వాల్వ్... ఇవి పోతే మార్చుకోవచ్చు. ట్యాంకే తుప్పుపట్టి కారుతుంటే గీజర్ మార్చడం ఒక్కటే దారి. సారు ఇంట్లో జరిగింది అదే. ట్యాంకును కాపాడటానికి లోపల ఆనోడ్ రాడ్ అని మెగ్నీషియం కడ్డీ ఒకటి ఉంటుంది. ట్యాంకుకు బదులు తాను కరిగిపోవడమే దాని పని. ఇక్కడ అది ఎప్పుడో కరిగి, తీగముక్క మిగిలింది. ఏడాదికోసారి విప్పి చూసి ఉంటే కడ్డీ ఖర్చుతో పోయేది.

కొత్తది కొనేటప్పుడు ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 2082 అన్న అంకె ఉన్నాయో లేదో చూడాలి. బోరు నీళ్లయితే లోపల గాజుపూత ఉన్న ట్యాంకు మేలు. 2,000 వాట్ల గీజర్ దాదాపు 9 ఆంపియర్ల కరెంటు లాగుతుంది. దానికి 16 ఆంపియర్ల ప్లగ్గే ఉండాలి. సేఫ్టీ వాల్వ్ నుంచి అప్పుడప్పుడు చుక్కలు పడుతుంటే కంగారు పడక్కర్లేదు. లోపలి ఒత్తిడిని వదిలించే దారి అది. 'కారుతోంది' అని దానికి బిరడా కొట్టించడం మాత్రం ప్రాణాంతకం. అదే సమయంలో థర్మోస్టాట్ కూడా మొరాయిస్తే గీజర్ పేలిపోవచ్చు.

పాతదే పనికొస్తుందనుకుంటే ఎలిమెంటును నిమ్మఉప్పు కలిపిన నీళ్లలో నానబెట్టి, గుల్ల మెత్తబడ్డాక కడిగితే చాలు. బాత్‌రూమ్ కడిగే ఘాటు యాసిడ్ వద్దు. సున్నంతోపాటు లోహాన్నీ తినేస్తుంది. గాస్కెట్ ప్రతిసారీ కొత్తది వేయాలి. థర్మోస్టాట్ 60 డిగ్రీలు దాటించకపోతే సున్నం పేరుకోవడం కూడా నెమ్మదిస్తుంది.

మళ్లీ నింపేటప్పుడూ ఓ వరస ఉంది. చన్నీళ్ల వాల్వ్ తెరిచి, వేడినీళ్ల నల్లా విప్పి పెట్టాలి. మొదట గాలి తుస్సుమంటుంది, నీళ్లు చిమ్ముతాయి. ధార నిలకడగా వచ్చాకే స్విచ్ వేయాలి. ఖాళీ ట్యాంకులో ఎలిమెంటు వెలిగితే నిమిషాల్లో మాడిపోతుంది.

మర్నాటికి కొత్త గీజర్ బిగించారు. ఎర్త్ వైరు సరిచేసి, ఆర్‌సీసీబీ పెట్టించి, దాని మీది టెస్ట్ బటన్ నొక్కి అది పడుతోందని చూశాకే సారు మెకానిక్‌కు డబ్బులిచ్చారు. క్యాలెండర్‌లో దసరా తర్వాతి ఆదివారం దగ్గర 'గీజర్ నీళ్లు తీయాలి' అని రాసుకున్నారు. చలి మొదలయ్యే ముందు అదే సరైన అదను.

నానమ్మ ఎసరు గిన్నె పట్టుకుని అలవాటుగా బాత్‌రూమ్ వైపు రెండడుగులు వేసి ఆగింది. గుమ్మం పక్కన మగ్గుల్లో సున్నం ఇంకా అలాగే ఉంది. వెనక్కి తిరిగి వంటింటి నల్లా విప్పింది.